ఎమ్మెల్యే వెళ్లాడు, ఓటు కదలలేదు

భద్రాద్రి కొత్తగూడెం జిల్లా పినపాక ఎస్టీలకు రిజర్వయిన నియోజకవర్గం. మణుగూరు బొగ్గు గనులు, పోడు భూములు సాగు చేసుకునే కోయ గూడేలు దాని పరిధిలోనే ఉన్నాయి. 2014లో ఇక్కడి ఓటర్లు వైఎస్సార్ కాంగ్రెస్ అభ్యర్థి పాయం వెంకటేశ్వర్లును గెలిపించారు. ఆయన టీఆర్ఎస్‌లో చేరారు. 2018లో ఆ పార్టీ కారు గుర్తు మీద పోటీకి దిగితే ఓడించి, కాంగ్రెస్ అభ్యర్థి రేగా కాంతారావును అసెంబ్లీకి పంపారు. ఆయన కూడా టీఆర్ఎస్‌లో చేరారు. 2023లో ఆయననూ అదే కారు గుర్తు మీద ఓడించారు. ఈసారి గెలిచింది కాంగ్రెస్ అభ్యర్థిగా తిరిగొచ్చిన పాయం వెంకటేశ్వర్లే.

పొరుగునే ఉన్న ఇల్లెందుదీ ఇదే కథ. 2014లో కాంగ్రెస్ తరఫున కోరం కనకయ్య గెలిచి టీఆర్ఎస్‌లోకి వెళ్లారు, 2018లో ఓడారు. ఆయనను ఓడించిన కాంగ్రెస్ అభ్యర్థి బానోతు హరిప్రియ టీఆర్ఎస్‌లోకి వెళ్లారు, 2023లో ఓడారు. ఆమెను ఓడించింది కాంగ్రెస్‌కు తిరిగొచ్చిన కనకయ్య. రెండు గిరిజన నియోజకవర్గాలు, మూడు ఎన్నికలు. టీఆర్ఎస్ గుర్తు మీద నిలబడినవారిని ఒక్కసారీ గెలిపించలేదు. పదేళ్లలో ఎక్కువ కాలం మాత్రం అక్కడ ఎమ్మెల్యే టీఆర్ఎస్ మనిషే.

2023 డిసెంబర్ 3న తెలంగాణ అసెంబ్లీ ఫలితాలు వచ్చిన రోజు నుంచి మనం చెప్పుకుంటున్నది ఒకే లెక్క: కాంగ్రెస్ 64, బీఆర్ఎస్ (పాత పేరు టీఆర్ఎస్) 39, బీజేపీ 8, మజ్లిస్ 7, సీపీఐ 1. ఈ లెక్కతో ప్రభుత్వం ఏర్పడుతుందే తప్ప తీర్పు అర్థం కాదు. రాష్ట్రం మొత్తం మీద కాంగ్రెస్‌కు వచ్చిన ఓట్లు 39.40 శాతం, బీఆర్ఎస్‌కు 37.35 శాతం. తేడా రెండు శాతం పైచిలుకు, అంటే దాదాపు 4.8 లక్షల ఓట్లు. సీట్ల తేడా మాత్రం ఇరవై అయిదు. ఈ మధ్యలో ఏం జరిగిందో తెలియాలంటే నియోజకవర్గాల జాబితా దగ్గరే కూర్చోవాలి.

ముందుగా పటం చూద్దాం. ఉమ్మడి హైదరాబాద్, రంగారెడ్డి, మెదక్ జిల్లాల్లో 39 స్థానాలున్నాయి. వాటిలో బీఆర్ఎస్‌కు 24 వచ్చాయి, కాంగ్రెస్‌కు ఏడే. మిగతా ఏడు ఉమ్మడి జిల్లాల్లోని 80 స్థానాల్లో ఇది పూర్తిగా తిరగబడింది. కాంగ్రెస్‌కు 57, బీఆర్ఎస్‌కు 15. హైదరాబాద్ జిల్లాలోని 15 స్థానాల్లో కాంగ్రెస్ ఖాతా తెరవలేదు. ఉమ్మడి నల్లగొండలోని 12 స్థానాల్లో బీఆర్ఎస్‌కు మిగిలింది సూర్యాపేట ఒక్కటే. అక్కడా మంత్రి జగదీశ్‌రెడ్డి గట్టెక్కింది 4,606 ఓట్లతో. ఉమ్మడి మహబూబ్‌నగర్‌లో 2018లో టీఆర్ఎస్ 14కు 13 గెలిచింది. ఐదేళ్లకు గద్వాల, అలంపూర్ రెండే మిగిలాయి. రాజధానికీ జిల్లాలకూ ప్రభుత్వం మీద ఒకే అభిప్రాయం లేదు. పోలింగ్ శాతమే ఆ మాట చెప్పింది. యాదాద్రి భువనగిరి జిల్లాలో 90 శాతం మంది ఓటేస్తే హైదరాబాద్ జిల్లాలో సగం మంది కూడా బూత్‌కు రాలేదు. యాకుత్‌పురలో అది నలభై శాతానికి కాస్త తక్కువ.

రిజర్వుడు స్థానాలను విడిగా చూస్తే గ్రామీణ తెలంగాణ మాట ఇంకా గట్టిగా వినిపిస్తుంది. పన్నెండు ఎస్టీ స్థానాల్లో తొమ్మిది, పంతొమ్మిది ఎస్సీ స్థానాల్లో పద్నాలుగు కాంగ్రెస్‌కు వెళ్లాయి. మిగిలినవన్నీ బీఆర్ఎస్‌వి. బీజేపీకి ఈ ముప్పయ్యొక్క స్థానాల్లో ఒక్కటీ రాలేదు. దానికి వచ్చిన ఎనిమిదిలో ఏడు ఉమ్మడి ఆదిలాబాద్, నిజామాబాద్ జిల్లాలవి, ఎనిమిదోది గోషామహల్. కామారెడ్డిలో ఆ పార్టీ అభ్యర్థి కాటిపల్లి వెంకటరమణారెడ్డి 6,741 ఓట్ల ఆధిక్యంతో అప్పటి ముఖ్యమంత్రి కేసీఆర్‌నూ, కాబోయే ముఖ్యమంత్రి రేవంత్‌రెడ్డినీ ఒకేసారి ఓడించడం దేశమంతా చూసింది. దాని గురించి రాయవలసినంత రాసేశారు. రాయకుండా వదిలేసినవి మరో పన్నెండు నియోజకవర్గాలు.

2018 డిసెంబర్‌లో టీఆర్ఎస్ గాలి ఎంత బలంగా వీచిందంటే, 46.87 శాతం ఓట్లతో 88 స్థానాలు ఆ పార్టీ గెలుచుకుంది. కాంగ్రెస్‌కు మిగిలినవి పంతొమ్మిది. అంత గాలిలోనూ చేతి గుర్తుకు ఓటేసిన నియోజకవర్గాలవి. నల్లగొండ ఎంపీగా గెలిచిన ఉత్తమ్‌కుమార్‌రెడ్డి హుజూర్‌నగర్‌కు రాజీనామా చేయడంతో పద్దెనిమిది మంది మిగిలారు. ఫిరాయింపుల చట్టానికి చిక్కకుండా విలీనం అనిపించుకోవాలంటే మూడింట రెండొంతులు, అంటే పన్నెండు మంది కావాలి. సరిగ్గా పన్నెండు మంది కుదిరారు. 2019 జూన్ 6న అప్పటి స్పీకర్ పోచారం శ్రీనివాసరెడ్డి ఆ విలీనాన్ని గుర్తించారు. ప్రధాన ప్రతిపక్షంగా ఉన్న కాంగ్రెస్‌కు ఆరుగురు మిగిలారు. ప్రతిపక్ష హోదా పోయింది.

ఆ పన్నెండు స్థానాలు ఇవి: పినపాక, ఇల్లెందు, కొత్తగూడెం, పాలేరు, నకిరేకల్, భూపాలపల్లి, కొల్లాపూర్, తాండూరు, ఎల్లారెడ్డి, ఆసిఫాబాద్, మహేశ్వరం, ఎల్బీనగర్. 2023లో ఆ పన్నెండు మంది ఎమ్మెల్యేల్లో పదకొండు మందికి బీఆర్ఎస్ మళ్లీ టికెట్ ఇచ్చింది. తొమ్మిది మంది ఓడారు. గెలిచినవారు మహేశ్వరంలో సబితా ఇంద్రారెడ్డి, ఎల్బీనగర్‌లో సుధీర్‌రెడ్డి. ఆసిఫాబాద్‌లో మాత్రం పార్టీ మారి వచ్చిన ఆత్రం సక్కును పక్కనబెట్టి, 2018లో ఆయన చేతిలో 171 ఓట్లతో ఓడిన కోవ లక్ష్మికే టికెట్ ఇచ్చింది. ఆమె గెలిచారు.

ఈ ఫలితాలను గాలివాటమని కొట్టిపారేయడం తేలిక. ఉమ్మడి నల్లగొండ, ఖమ్మం, మహబూబ్‌నగర్ జిల్లాల్లో కాంగ్రెస్ గాలి వీచింది, అందరితోపాటు వీళ్లూ కొట్టుకుపోయారని అనవచ్చు. ఆ మాటలో కొంత నిజముంది. నిరుద్యోగుల కోపం, గ్రూప్-1 ప్రశ్నపత్రాల లీకు, ధరణి భూ రికార్డుల పోర్టల్ చిక్కులు, ఎన్నికలకు నెల ముందు మేడిగడ్డ బ్యారేజీ పిల్లర్లు కుంగడం, ఇవన్నీ రాష్ట్రమంతటా పనిచేశాయి. కానీ నకిరేకల్‌ను చూడండి. 2018లో అక్కడ టీఆర్ఎస్ అభ్యర్థి వేముల వీరేశాన్ని కాంగ్రెస్ అభ్యర్థి చిరుమర్తి లింగయ్య ఓడించారు. లింగయ్య టీఆర్ఎస్‌లోకి వెళ్లారు. 2023 నాటికి టికెట్ దక్కని వీరేశం కాంగ్రెస్‌లోకి వచ్చారు. మనుషులు వాళ్లే, గుర్తులు తారుమారు. వీరేశం ఆధిక్యం 68,839. ఆ గాలిలో ఉమ్మడి నల్లగొండ జిల్లాలో పెద్ద పెద్ద నాయకులు గెలిచారు, నల్లగొండలో కోమటిరెడ్డి వెంకట్‌రెడ్డి ఆధిక్యం 54,332. నకిరేకల్ ఆధిక్యాన్ని ఎవరూ దాటలేకపోయారు. గాలి ఒక్కటే కారణమైతే ఇంత తేడా ఎందుకు రావాలి?

కొల్లాపూర్‌లోనూ గుర్తులు ఇలాగే మారాయి. 2018లో మంత్రి జూపల్లి కృష్ణారావును కాంగ్రెస్ అభ్యర్థి బీరం హర్షవర్ధన్‌రెడ్డి ఓడించారు, వెళ్లి అదే టీఆర్ఎస్‌లో చేరారు. జూపల్లి కాంగ్రెస్‌లోకి వచ్చి 2023లో గెలిచారు. పినపాక, ఇల్లెందు, నకిరేకల్, కొల్లాపూర్. ఈ నాలుగు చోట్లా 2018లో టీఆర్ఎస్ తరఫున ఓడినవారే 2023లో కాంగ్రెస్ తరఫున గెలిచారు, తమను ఓడించినవారినే ఓడించారు.

ఫిరాయింపు చేసే రెండో గాయం ఇక్కడే ఉంది. మొదటిది అందరికీ కనిపించేదే. ఒక పార్టీని ఓడించమని ఓటేసిన జనం, తమ ఓటుతో గెలిచినవాడు అదే పార్టీ కండువా కప్పుకోవడం చూసి మండిపడతారు. రెండోది లోపల నుంచి తగిలేది. అధికార పార్టీలో ఏళ్లుగా జెండా మోసినవాడు, ఓడినా మళ్లీ నిలబడదామనుకున్నవాడు, తనను ఓడించిన మనిషి తన పార్టీలోకే ఎమ్మెల్యేగా వచ్చి కూర్చోవడం చూస్తాడు. పనులు, పైరవీలు, పోలీస్ స్టేషన్‌లో చెల్లే మాట, చివరికి టికెట్టూ ఆ కొత్త మనిషికే. పాత మనిషి ఊరుకోడు. తన బలగాన్ని, ప్రతి ఊళ్లోని తన మనుషులను వెంటబెట్టుకుని ఎదుటి శిబిరంలోకి వెళతాడు. కొత్తగూడెంలో ఈ రెండు గాయాలూ ఒకే ఫలితంలో కనిపిస్తాయి. కాంగ్రెస్ నుంచి వచ్చిన వనమా వెంకటేశ్వరరావు బీఆర్ఎస్ అభ్యర్థిగా మూడో స్థానానికి పడిపోయారు. 2014లో అక్కడ టీఆర్ఎస్ తరఫున గెలిచిన జలగం వెంకట్రావు టికెట్ దక్కక ఫార్వర్డ్ బ్లాక్ గుర్తు మీద నిలబడి రెండో స్థానంలో నిలిచారు. కాంగ్రెస్ మద్దతుతో సీపీఐ అభ్యర్థి కూనంనేని సాంబశివరావు 26,547 ఓట్ల ఆధిక్యంతో గెలిచారు. అధికార పార్టీ ఓటు రెండుగా చీలింది, చీల్చింది ఎదుటివారు కాదు.

ఉమ్మడి ఖమ్మం జిల్లాను మొత్తంగా తీసుకుంటే ఈ మాటకు ఇంక వేరే రుజువు అక్కర్లేదు. 2014లో ఆ జిల్లాలోని పది స్థానాల్లో టీఆర్ఎస్ గెలిచింది ఒక్క కొత్తగూడెం. 2018లో ఒక్క ఖమ్మం. ఆ తర్వాత నలుగురు కాంగ్రెస్ ఎమ్మెల్యేలు, సత్తుపల్లి, అశ్వారావుపేటల్లో గెలిచిన ఇద్దరు తెలుగుదేశం ఎమ్మెల్యేలు, వైరాలో గెలిచిన ఇండిపెండెంట్ కలిసి ఆ ఒకటిని ఎనిమిది చేశారు. కాంగ్రెస్‌లో నిలిచింది మధిరలో భట్టి విక్రమార్క, భద్రాచలంలో పొదెం వీరయ్య ఇద్దరే. ఎనిమిది మంది ఎమ్మెల్యేలతో, అధికారంతో, నిధులతో, యంత్రాంగంతో 2023 ఎన్నికలకు వెళ్లిన బీఆర్ఎస్‌కు ఆ జిల్లాలో వచ్చింది మళ్లీ ఒకటే, భద్రాచలం. మూడు ఎన్నికల్లో మూడు వేర్వేరు స్థానాలు, ప్రతిసారీ ఒక్కటే. ఎమ్మెల్యేలను తెచ్చుకున్నారు, నియోజకవర్గాలను తెచ్చుకోలేకపోయారు.

భద్రాచలం మాత్రం నా వాదనకు ఎదురు సాక్ష్యం చెబుతుంది. దాన్ని దాటేసి వెళ్లడం న్యాయం కాదు. జిల్లాలో కాంగ్రెస్‌ను వదలని ఇద్దరు ఎమ్మెల్యేలలో ఒకరైన వీరయ్యనే అక్కడి ఓటర్లు ఓడించారు, అదీ జిల్లా అంతటా కాంగ్రెస్ గాలి వీచిన ఎన్నికలో. బీఆర్ఎస్ అభ్యర్థి తెల్లం వెంకట్రావు 5,719 ఓట్లతో గెలిచారు. పార్టీ మారనంత మాత్రాన గెలుపు రాసిపెట్టి ఉండదు. మనిషి పనితీరు, స్థానిక సమీకరణాలు, అభ్యర్థి మీద అభిమానం తమ పని తాము చేస్తాయి. మహేశ్వరం, ఎల్బీనగర్ కూడా ఎదురు సాక్ష్యాల్లాగే కనిపిస్తాయి. అయితే ఆ రెండు చోట్లా రెండో స్థానంలో నిలిచింది కాంగ్రెస్ కాదు, బీజేపీ. వ్యతిరేక ఓటు రెండు పార్టీలకు చీలింది. గ్రేటర్ హైదరాబాద్ పరిధిలో అంతటా జరిగింది ఇదే. కుత్బుల్లాపూర్‌లో 85,576 ఓట్లతో రాష్ట్రంలోకెల్లా పెద్ద ఆధిక్యం బీఆర్ఎస్‌కు వచ్చింది కూడా ఇలాంటి పోటీలోనే. పినపాకలో, నకిరేకల్‌లో అలా చీలడానికి చోటు లేదు. ముఖాముఖి పోరు జరిగిన చోటల్లా ఫిరాయింపు లెక్క తేలిపోయింది.

ఇంకో కేసు గుర్తు చేయాలి. 2022 అక్టోబర్‌లో మొయినాబాద్ ఫామ్‌హౌస్‌లో నలుగురు టీఆర్ఎస్ ఎమ్మెల్యేలను బీజేపీలోకి లాగేందుకు బేరం పెట్టారన్న ఆరోపణ దేశాన్ని కుదిపింది. ప్రజాస్వామ్యాన్ని కొనే ప్రయత్నమని కేసీఆర్ వీడియోలు విడుదల చేసి చూపించారు. ఆ ఆగ్రహాన్ని తప్పుపట్టలేం. అయితే ఆ నలుగురిలో ముగ్గురు, తాండూరు రోహిత్‌రెడ్డి, కొల్లాపూర్ హర్షవర్ధన్‌రెడ్డి, పినపాక కాంతారావు, కాంగ్రెస్ గుర్తు మీద గెలిచి టీఆర్ఎస్‌లోకి వచ్చినవారే. నాలుగో వ్యక్తి అచ్చంపేట ఎమ్మెల్యే గువ్వల బాలరాజు. 2023లో నలుగురూ ఓడారు. ఎమ్మెల్యేలను ఆకర్షించడం తాను చేస్తే అభివృద్ధి, ఎదుటివాడు చేస్తే కుట్ర అన్న వాదన ఆ నాలుగు నియోజకవర్గాల్లో చెల్లలేదు.

బీఆర్ఎస్ ఓటమి గురించి మాట్లాడేటప్పుడు సిట్టింగ్‌లందరికీ టికెట్లివ్వడమే కొంప ముంచిందని ఆ పార్టీ వాళ్లే అంటారు. ఫలితాల జాబితాలో ఆ మాటకు ఆధారం దొరుకుతుంది. 2023 ఆగస్టు 21న కేసీఆర్ 115 మంది పేర్లు ఒకేసారి ప్రకటించారు, మార్చింది కొద్ది చోట్లే. ఉమ్మడి ఆదిలాబాద్‌లో ఆ పార్టీ గెలిచిన రెండు స్థానాలు బోథ్, ఆసిఫాబాద్. ఉమ్మడి వరంగల్‌లో గెలిచిన రెండు జనగామ, స్టేషన్ ఘన్‌పూర్. నాలుగు చోట్లా సిట్టింగ్‌ను మార్చారు. అలంపూర్‌లో, నర్సాపూర్‌లో, ఉప్పల్‌లో, కోరుట్లలో కూడా మార్చి గెలిచారు. ఖానాపూర్, వైరా, వేములవాడల్లో మార్చినా ఓడిన మాట నిజమే. అయినా పార్టీ మొత్తంగా 119కి 39 తెచ్చుకున్న ఎన్నికలో, మార్చిన చోట్ల సగానికి మించి గెలవడం చిన్న సంగతి కాదు. ఓటరు కోపం గుర్తు మీద ఉన్నంతగా మనిషి మీద కూడా ఉంది. పార్టీ మారి వచ్చిన పదకొండు మందికి కళ్లు మూసుకుని టికెట్లు ఇచ్చినప్పుడు ఈ రెండు కోపాలూ ఒకే చోట పోగయ్యాయి.

సరిహద్దుకు అవతల ఇదే పాఠం ఇంతకు నాలుగేళ్ల ముందే వచ్చింది. 2014 నుంచి 2019 దాకా ఆంధ్రప్రదేశ్‌లో వైఎస్సార్ కాంగ్రెస్ నుంచి 23 మంది ఎమ్మెల్యేలు తెలుగుదేశంలోకి వెళ్లారు. నలుగురికి మంత్రి పదవులు కూడా ఇచ్చారు. 2019లో ఆ వెళ్లినవారిలో మళ్లీ గెలిచింది అద్దంకిలో గొట్టిపాటి రవికుమార్ ఒక్కరే. తెలంగాణ నాయకులకు ఈ సంగతి తెలియక కాదు. 2014లో సనత్‌నగర్ నుంచి తెలుగుదేశం గుర్తు మీద గెలిచిన తలసాని శ్రీనివాస్ యాదవ్ ఆ ఏడాది డిసెంబర్‌లోనే టీఆర్ఎస్ ప్రభుత్వంలో మంత్రిగా ప్రమాణం చేశారు. ఆయన 2018లోనూ 2023లోనూ కారు గుర్తు మీద గెలిచారు. నగరంలో చెల్లింది కదా, పల్లెలోనూ చెల్లుతుందని అనుకుని ఉంటారు.

ఇప్పుడు కాంగ్రెస్ దగ్గరికి వద్దాం. ఈ వ్యాసం రాయడానికి అసలు కారణం ఆ పార్టీయే. పన్నెండు చోట్ల మోసపోయామని ఐదేళ్లు ఊరూరా చెప్పుకున్న పార్టీ అది. ఆ మాట నమ్మి జనం తొమ్మిది చోట్ల తీర్పిచ్చారు. అధికారంలోకి వచ్చిన కొద్ది నెలలకే బీఆర్ఎస్ గుర్తు మీద గెలిచిన పది మంది ఎమ్మెల్యేలకు ఆ పార్టీ తలుపులు తెరిచింది. ఖైరతాబాద్, స్టేషన్ ఘన్‌పూర్, భద్రాచలం, బాన్సువాడ, జగిత్యాల, చేవెళ్ల, రాజేంద్రనగర్, శేరిలింగంపల్లి, పటాన్‌చెరు, గద్వాల. తాము పార్టీ మారనే లేదని వారిలో కొందరు స్పీకర్‌కు చెప్పుకున్నారు. ఖైరతాబాద్ ఎమ్మెల్యే దానం నాగేందర్ మాత్రం ఆ పదవిలో ఉండగానే 2024లో సికింద్రాబాద్ లోక్‌సభకు కాంగ్రెస్ బీ-ఫారం మీద పోటీచేశారు. 2019లో పన్నెండు మంది విలీనానికి స్పీకర్ హోదాలో ముద్ర వేసిన పోచారం శ్రీనివాసరెడ్డి, 2024 జూన్‌లో ముఖ్యమంత్రి రేవంత్‌రెడ్డి సమక్షంలో కాంగ్రెస్ కండువా కప్పించుకున్నారు.

ఈ పదింటిలో చేవెళ్ల నన్ను ఎక్కువ బాధపెడుతుంది. 2023లో రాష్ట్రంలోకెల్లా హోరాహోరీగా సాగిన ఎస్సీ రిజర్వుడు స్థానం అది. బీఆర్ఎస్ అభ్యర్థి కాలె యాదయ్య 268 ఓట్లతో కాంగ్రెస్ అభ్యర్థి పామెన భీంభరత్ మీద గెలిచారు. నాలుగైదు బూత్‌ల జనం అటూ ఇటూ ఆలోచిస్తే మారిపోయే తేడా అది. ప్రతి ఓటూ లెక్కకొచ్చిన ఎన్నిక అంటే అదే. యాదయ్య 2014లో కాంగ్రెస్ గుర్తు మీద గెలిచి టీఆర్ఎస్‌లోకి వెళ్లారు. 2024లో బీఆర్ఎస్ నుంచి మళ్లీ కాంగ్రెస్ గూటికి చేరారు. చేవెళ్లలో కారుకు ఓటేసినవారికి తమ ఎమ్మెల్యే లేడు. చేతికి ఓటేసినవారికి తాము ఓడించాలనుకున్న మనిషే తమ పార్టీ ఎమ్మెల్యే అయ్యాడు. రెండు వైపులా ఓటేసినవారందరి మాటా గాలికిపోయింది. జగిత్యాలలో బీఆర్ఎస్ ఎమ్మెల్యే సంజయ్‌కుమార్ చేరినప్పుడు, దశాబ్దాలుగా కాంగ్రెస్‌నే నమ్ముకున్న సీనియర్ నాయకుడు జీవన్‌రెడ్డి తన ఆవేదనను దాచుకోలేదు. అప్పుడు కొల్లాపూర్‌లో జూపల్లికి జరిగింది ఇప్పుడు తనకు జరుగుతోందని ఆయనకు వేరే ఎవరూ చెప్పనక్కర్లేదు.

చట్టం ఏం చేస్తోందన్నది తర్వాతి ప్రశ్న. 1985లో 52వ రాజ్యాంగ సవరణతో ఫిరాయింపులను నిరోధించే పదో షెడ్యూలు వచ్చింది. మూడింట ఒక వంతు మంది చీలితే తప్పులేదన్న వెసులుబాటును 2003లో 91వ సవరణ తీసేసింది. మూడింట రెండు వంతుల విలీనం మాత్రం మిగిలింది. ఆ కన్నంలోంచే 2019లో పన్నెండు మంది బయటపడ్డారు. విలీనానికి సరిపడా సంఖ్య లేనప్పుడు ఇంకో దారి ఉంది: స్పీకర్ నిర్ణయం తీసుకోకుండా కాలం గడపడం. స్పీకర్ అధికార పార్టీ మనిషి. ఏ పార్టీ అధికారంలో ఉన్నా ఇది మారలేదు. పార్టీ మారిన ఈ పది మంది కేసులో సుప్రీంకోర్టు 2025 జులై 31న, అనర్హత పిటిషన్ల మీద మూడు నెలల్లో నిర్ణయం తీసుకోవాలని స్పీకర్‌ను ఆదేశించింది. ఈ అధికారాన్ని స్పీకర్ చేతిలో ఉంచడం సబబేనా అన్నది పార్లమెంటు ఆలోచించాలని కూడా చెప్పింది. పార్టీలకు అతీతంగా ఉండే ఒక ట్రిబ్యునల్‌కు, నిర్ణీత గడువుతో ఈ పని అప్పగించడం తప్ప వేరే మార్గం నాకు కనబడటం లేదు. విలీనం అన్న మినహాయింపునూ ఎత్తేయాలి. పార్టీలు విలీనం కావచ్చు, కానీ పినపాక ఓటరు కాంతారావుతోపాటు ఎక్కడా విలీనం కాలేదు.

నియోజకవర్గ అభివృద్ధి కోసమే పార్టీ మారామని చెప్పని ఎమ్మెల్యే లేరు. ఈ మాట వెనక ఉన్న నిజాన్ని అంగీకరించాలి. ప్రతిపక్ష ఎమ్మెల్యే నియోజకవర్గానికి రోడ్డు, నిధులు, సంక్షేమ పథకాల జాబితాలో పేరు అంత తేలిగ్గా రావు. ఆ ఒత్తిడి నిజమైనదే. అయితే దానికి విరుగుడు ఎమ్మెల్యే కండువా మార్చడం కాదు, నిధుల కేటాయింపును ఎమ్మెల్యే పార్టీ నుంచి విడదీయడం. ఏ ఎమ్మెల్యే పార్టీ మారితే ఆ నియోజకవర్గానికే నిధులొస్తాయన్న భావన ప్రభుత్వమే కల్పిస్తే, అది ఓడిన నియోజకవర్గాల జనానికి వేసే జరిమానా అవుతుంది.

పార్టీ మారే హక్కు ఎవరికైనా ఉంది. మారడానికి గౌరవంగల దారీ తెలంగాణలోనే కనబడింది. 2021లో ఈటల రాజేందర్ టీఆర్ఎస్‌ను వీడినప్పుడు హుజూరాబాద్ సీటుకూ రాజీనామా చేశారు. బీజేపీ అభ్యర్థిగా ఉప ఎన్నికలో 23,855 ఓట్లతో గెలిచారు. 2022లో కోమటిరెడ్డి రాజగోపాల్‌రెడ్డి కాంగ్రెస్‌ను వీడినప్పుడు మునుగోడుకు రాజీనామా చేశారు. ఉప ఎన్నికలో 10,309 ఓట్లతో ఓడారు. ఆ ఉప ఎన్నికల్లో డబ్బు ఎలా పారిందో రాష్ట్రమంతా చూసింది, దాన్ని సమర్థించడం లేదు. కానీ ఇద్దరూ ఓటరు ముందుకు వెళ్లి నిలబడ్డారు, ఒకరు గెలిచారు, ఒకరు ఓడారు. తిరిగి కాంగ్రెస్‌లో చేరిన రాజగోపాల్‌రెడ్డిని 2023లో మునుగోడు ఓటర్లు 40 వేలకు పైగా ఆధిక్యంతో గెలిపించారు. మనిషి మళ్లీ పార్టీ మారాడని వారు శిక్షించలేదు. తమను అడిగి వచ్చినవాడికీ, అడక్కుండా వెళ్లినవాడికీ తేడా వారికి తెలుసు.

రాజీనామా లేఖ రాయడానికి స్పీకర్ నిర్ణయం అక్కర్లేదు, కోర్టు గడువూ అక్కర్లేదు. పార్టీ మారిన ప్రతి ఎమ్మెల్యే ఆ లేఖ రాసి తన నియోజకవర్గానికి వెళ్లి మళ్లీ ఓటు అడగాలి. అలా అడగమని చెప్పవలసిన మొదటి వ్యక్తి, వారికి కండువాలు కప్పిన ముఖ్యమంత్రి రేవంత్‌రెడ్డి.